గాలి మార్చినంత మాత్రాన చేప ఎండదు

సంఘం ఖాతాలో ఉన్న డబ్బుతో నైట్రోజన్ ప్యాకింగ్ మెషీన్ కొందామని వచ్చే మీటింగులో తీర్మానం పెడుతున్నారు. మేం ఒప్పుకోం. ఎందుకు ఒప్పుకోమో మీటింగులో రెండు నిమిషాల్లో చెప్పనివ్వరు కాబట్టి ఇక్కడ పూర్తిగా రాస్తున్నాం. పొడుగైపోయిందని విసుక్కోకండి. ఇది రాస్తున్న మేమంతా ఎండుచేపల మీద బతికే ఇళ్ళవాళ్ళం. ఆ డబ్బులో మా అక్కలూ పిన్నులూ నెలనెలా కట్టిన చందా కూడా ఉంది.

మెషీన్ అమ్మడానికి వచ్చిన మనిషి మూడు మాటలు చెప్పాడు. సంచిలో గాలి తీసి నైట్రోజన్ నింపితే చేప ఏడాదైనా చెడదట. పురుగు పట్టదట. వానాకాలంలో చేప సగం ఎండినా పరవాలేదట. మొదటి రెండిటిలో కొంత నిజం ఉంది. మూడో మాట మాత్రం తినేవాళ్ళ ప్రాణాలతో ఆట.

ముందు నిజం ఎంతో ఒప్పుకుందాం. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. చేపను పాడు చేసేది మిగతా 21 శాతం ఆక్సిజన్. కవళ్ళ లాంటి కొవ్వు చేప నాలుగు వారాలకే పసుపెక్కి కారు వాసన కొట్టేది దానివల్లే. ఎండుచేపను తొలిచే పురుగుకూ ఊపిరి కావాలి. ఆక్సిజన్ ఒకటి రెండు శాతం కన్నా తగ్గితే కొన్ని రోజుల్లో చస్తుంది. మందు కొట్టే పని తప్పుతుంది. ఇది చిన్న లాభం కాదు. బంగ్లాదేశ్‌లో ఎండుచేపల్లో పురుగుమందు చాలాసార్లు పరీక్షల్లో దొరికింది. మన సరుకు కొనేవాళ్ళకూ ఆ భయం ఉంది.

కానీ నైట్రోజన్ చెయ్యలేని పని ఒకటుంది. అది చేపలోంచి చుక్క నీరు కూడా లాగలేదు. సంచిలో పెట్టేటప్పుడు ఎంత తడి ఉందో, మూసిన తర్వాతా అంతే తడి ఉంటుంది. పైగా బయటికి పోయే దారి కూడా ఉండదు.

గాలి లేని చోటే పెరిగే సూక్ష్మజీవి ఒకటి ఉంది. పేరు క్లాస్ట్రిడియం బొటులినమ్. దాని బీజాలు సముద్రం అడుగు మట్టిలోనూ చేప పేగుల్లోనూ ఉంటాయి. బాగా ఎండిన చేపలో, లోపలిదాకా ఉప్పు పట్టిన చేపలో అది పెరగలేదు. సగం ఎండిన చేపను ఆక్సిజన్ లేని సంచిలో కట్టి ఎండలో నిలవుంచితే మాత్రం దానికి పీట వేసి కూచోబెట్టినట్టే. దాని విషం నరాలను పడగొట్టి ఊపిరి ఆపేస్తుంది. వాసనతో పట్టుకుందామంటే ప్రతిసారీ కుదరదు. 1991లో ఈజిప్టులో ఫెసీఖ్ అనే ఉప్పుచేప తిని 18 మంది చనిపోయింది ఈ విషంతోనే. బాగా ఉడికిస్తే విషం విరుగుతుంది, నిజమే. మరి నిప్పుల మీద రెండువైపులా చూపించి చద్దన్నంలో నంజుకునేవాళ్ళు మనలో ఎంతమంది లేరు?

సగం ఎండిన చేపను ఇప్పుడు గోనెలో పెడితే బూజు పడుతుంది, కంపు కొడుతుంది, పారేస్తాం. నష్టమే. కానీ ఆ కంపు మనకు కాపలా కూడా. నైట్రోజన్ సంచి బూజును ఆపి, ఆ కాపలాను తీసేస్తుంది.

పలాస జీడిపప్పును చూపిస్తున్నారు కొందరు. చూపించండి, మంచి ఉదాహరణే. డబ్బాలో గ్యాస్ పట్టడం జీడిపప్పు వ్యాపారంలో పాత పద్ధతే. మొదట కార్బన్ డయాక్సైడ్ పట్టేవాళ్ళు, తర్వాత నైట్రోజన్ సంచులూ వచ్చాయి. అయితే అక్కడ గ్యాస్ ఏ మెట్టు మీద వస్తుంది? గింజ కాల్చి, కొట్టి, పొట్టు తీయడానికి ఆరబెట్టి, గ్రేడు చేసి, పప్పులో తేమ 5 శాతానికి దించాక. అంటే అన్నిటికన్నా చివర. చివరి మెట్టు కొనుక్కుని మొదటి మెట్టు ఎక్కేశామంటే ఎలా?

(నవ్వుకోవడానికి ఒక మాట. గంజాయి అమ్మకం చట్టబద్ధమైన దేశాల్లో దాన్నీ నైట్రోజన్ డబ్బాల్లో పెడుతున్నారు. మన జిల్లాలో ఆ పేరెత్తితేనే 1985 నాటి చట్టం గుర్తొస్తుంది కాబట్టి ఎక్కువ చెప్పం. అక్కడ కూడా ముందు నీడన ఆరబెట్టి, జాడీల్లో పెట్టి, రోజూ మూత తీసి గాలి తగిలిస్తూ వారాల తరబడి మాగబెడతారు. గ్యాస్ చివరికే. ఆకుకు తెలిసిన మర్యాద చేపకు ఉండదా?)

మన ఆడవాళ్ళు చేసేదీ ఆ మాగబెట్టే పనే. పగలు ఎండిన చేపను సాయంత్రం కుప్పవేసి కప్పుతారు. రాత్రికి లోపలి తడి పైకి వస్తుంది, తెల్లారి మళ్ళీ పరుస్తారు. అలా చెయ్యకపోతే పైన చెక్కలా గట్టిపడి లోపల మెత్తగానే ఉంటుంది. ఈ పని ఏ సిలిండరూ చెయ్యదు. ఇంకోటి, ఐస్ లేకుండా పడవలో గంటలు గంటలు ఉన్న కవళ్ళలోనూ కానాగడతల్లోనూ హిస్టమిన్ పుడుతుంది. అది ఎండకూ పోదు, ఉడకబెట్టినా పోదు, గ్యాస్‌కు అసలే పోదు.

సంచి సంగతికి వద్దాం. మామూలు పాలిథిన్ కవర్లోంచి ఆక్సిజన్ మెల్లగా లోపలికి దూరుతుంది. పొరలు పొరలుగా అతికించిన ఖరీదు సంచి కావాలి, ప్రతి నెలా కొనాలి. నెత్తళ్ళ ముల్లు, ఎండు రొయ్య మీసం ఆ సంచికి సూదిమొన లాంటివి. ఒక్క బెజ్జం పడితే పట్టిన గ్యాస్ అంతా వృథా. కరెంటు మాట చెప్పాలా? 2013 అక్టోబర్ 12న ఫైలిన్ మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చింది. ఆ తర్వాత ఎన్నాళ్ళు చీకట్లో ఉన్నామో అందరికీ తెలుసు.

మెషీన్ పెడతామంటున్న గది కిటికీలు లేని గోదాం. నైట్రోజన్‌కు రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో లీకైతే మనిషికి ఊపిరాడటం లేదన్న సంగతి కూడా తెలియకుండా పడిపోతాడు. 2021 జనవరిలో అమెరికాలోని గేన్స్‌విల్‌లో ఒక కోళ్ళ ఫ్యాక్టరీలో ద్రవ నైట్రోజన్ లీకై 6గురు పనివాళ్ళు చనిపోయారు. ఆ గదిలో రోజంతా కూచునేది తీర్మానం పెట్టే బావలు కాదు, మా ఆడపిల్లలు.

ఆర్గాన్ అయితే ఇంకా మంచిదని ఒకరు వాట్సాప్‌లో పెట్టారు. ఖరీదు ఎక్కువ, మనకు ఒరిగేది ఏమీ లేదు. వదిలేయండి.

మరి ఏం చెయ్యాలంటారా? నేల మీంచి చేపను పైకెత్తండి. నడుమెత్తు వెదురు పందిళ్ళ మీద పాత వల పరిస్తే కింది నుంచీ గాలి తగులుతుంది. ఇసుక అంటదు, కుక్క ముట్టదు. జూన్ 14తో వేట నిషేధం అయిపోగానే వానలు మొదలవుతాయి. సరుకు ఎక్కువగా పాడయ్యేది అప్పుడే. కాబట్టి కప్పున్న ఒక ఎండబెట్టే షెడ్డు కావాలి. సోలార్ డ్రయ్యర్లు తయారుచేసే కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ కొచ్చిలో ఉంది, దాని శాఖ విశాఖలో ఉంది. బరంపురంలో రైలెక్కితే అదే రోజు వెళ్ళి చూసి రావచ్చు. మత్స్య సంపద యోజనలో మహిళలకు 60 శాతం దాకా సబ్సిడీ ఉంది. దానికి ఎందుకు అర్జీ పెట్టలేదో కమిటీ చెప్పాలి.

ఒక తక్కెడ కూడా కొనండి. సాయంత్రం బుట్ట తూచి, మర్నాడు ఎండలో పెట్టాక మళ్ళీ తూచండి. బరువు తగ్గడం ఆగిందా, ఎండినట్టు. ఇంకా తగ్గుతోందా, సంచి కట్టొద్దు.

ప్యాకెట్లు వద్దని మేం అనలేదు. భువనేశ్వర్ షాపుల్లో రొయ్యపొట్టుకూ నెత్తళ్ళకూ మంచి ధర వస్తుందని మాకూ తెలుసు. బాగా ఎండిన సరుకును చిన్న సంచుల్లో పోసి, ఆక్సిజన్ పీల్చే ఇనుప పొడి పొట్లం ఒకటి వేసి, చేత్తో నొక్కే సీలింగ్ మెషీన్‌తో మూస్తే చాలు. గ్యాస్ చేసే పనే అదీ చేస్తుంది. సిలిండరూ అక్కర్లేదు, గోదామూ అక్కర్లేదు.

మీటింగులో మా సవరణ ఇది: ముందు పందిళ్ళు, షెడ్డు, తక్కెడలు. రెండు వానాకాలాలు గడిచి, సరుకు తడి లేకుండా వస్తోందని తూకాల పుస్తకంలో కనిపించాకే గ్యాస్ మెషీన్ మాట. చేతులెత్తి ఓటు అడుగుతాం. ఎండబెట్టే ఆడవాళ్ళంతా రావాలి. మీటింగు రాత్రి కాకుండా సాయంత్రం 4 గంటలకు పెట్టాలని కార్యదర్శిగారికి ఇప్పటికే కాగితం ఇచ్చాం.