సూదిమందు సౌందర్యమున కాయువెంత?

మన పట్టణములయందు నేడొక క్రొత్త వర్తకము బలిసియున్నది. చెంపలు లోనికిఁ బోయినవారికి చెంపలను, పెదవులు పలుచనైనవారికి పెదవులను, కంటిక్రింద గుంటలు పడినవారికి ఆ గుంటల పూడ్పును సూదితో నమ్ముచున్నారు. దీనికి ఫిల్లరని పేరు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము మొదలగు చోట్ల దీనిని వేయు చికిత్సాలయములు కలవు. పెండ్లికి ముందు జరుపవలసిన పనుల పట్టికలో చీరల వరుసను, నగల వరుసను దీనిని గూడ చేర్చుకొను కుటుంబములు నేడు లేకపోలేదు. కొనవచ్చినవారు మొట్టమొదట నడుగునది “ఇది ఎన్నాళ్లుండును?” అని. ప్రశ్న సహేతుకమైనదే. దానికి వచ్చుచున్న ప్రత్యుత్తరముతోనే మాకు తగవు.

భయపడుచు వచ్చిన పిల్లతో చెప్పు మాట యిది: “ఇది తాత్కాలికము. ఆఱు నెలలకో యేడాదికో తనంతట కరగిపోవును. నచ్చకున్నను చింత లేదు.” అదే పిల్ల ఆఱు నెలల పిమ్మట కనబడినప్పుడు చెప్పు మాట యిది: “అది కరగిపోయినది, మరల నింపవలయును.” మొదటి మాట ధైర్యము చెప్పుటకు, రెండవ మాట ధనము రాబట్టుటకు. రెంటికిని మూలమొక్కటే. రూపమెన్నాళ్లు నిలుచునను సంగతిని, పదార్థమెన్నాళ్లు నిలుచునను సంగతిని కలగాపులగము చేసి, ఆ రెండు వేఱు ప్రశ్నలకు నొకే సంఖ్యను ప్రత్యుత్తరముగా నిచ్చుచున్నారు. ఈ కలగాపులగమును విడదీయుటయే మా ప్రయత్నము.

నేడు విరివిగా వాడబడు ఫిల్లరు హయలురానిక్ ఆమ్లముతో చేయబడినది. ఇది మన శరీరమునకు క్రొత్త వస్తువు కాదు. 1934లో కొలంబియా విశ్వవిద్యాలయమున కార్ల్ మేయరు, జాన్ పామరు అనువారు దీనిని ఎద్దుకంటిలోని ద్రవమునుండి మొదట వేఱు చేసిరి. డెబ్బది కిలోగ్రాముల బరువుగల మనుష్యుని దేహములో నిది సుమారు పదునైదు గ్రాములుండును. అందులో మూడవవంతు ప్రతిదినము విఱిగి, దాని స్థానమున క్రొత్తది పుట్టుచుండును. అనగా సహజస్థితిలో దీని ఆయువు దినములతో లెక్కింపదగినది. దీనిని ఉన్నదున్నట్లు చెంపలో నెక్కించినచో వారము పదిదినములలో జాడ లేకుండ పోవును. మఱి నెలల తరబడి యెట్లు నిలుచుచున్నది? ఇచ్చటనే తయారుచేయువారి నేర్పున్నది. బి.డి.డి.ఇ. అను రసాయనముతో దీని పొడవైన గొలుసులను ఒకదానితో నొకటి ముడివేయుదురు. విడి దారములు వలగా మాఱును. మన దేహములోని హయలురానిడేస్ అను కిణ్వము విడి దారమును సులువుగా తెంచగలదు గాని, దట్టముగా ముడిపడిన వలలోనికి చొచ్చుట దానికి కష్టము. కావున ముడులెంత దట్టమో మన్నికయంత. పెదవికి మెత్తనిది, చెంపయెముకపైన గట్టిది వాడుట యిందువలననే.

ఇంక నొక విశేషము కలదు. దీనిని తెలిసికొనక ఆయుర్నిర్ణయము చేయరాదు. ఈ పదార్థము నీటిని పట్టి యుంచునది. నానిన సబ్జాగింజలను మన యిండ్లలో నందఱు నెఱుగుదురు. గింజ చిన్నది, అది పట్టిన నీరు పెద్దది. వలలో కొన్ని ముడులు తెగినప్పుడు, మిగిలిన వల సడలి మునుపటికంటె నెక్కువ నీటిని పుచ్చుకొనును. కావున లోపల సరకు తఱుగుచున్నను పైకి పరిమాణము చాలకాలము తఱుగనట్లే యుండును. చివరకు వల నిలువజాలని స్థితి వచ్చినప్పుడు రూపము పడిపోవును. అది పడిపోయిన దినమున లోపలనున్నదంతయు పోయినదని యర్థము కాదు. మఱియు 2007లో మిచిగన్ విశ్వవిద్యాలయమువారు చేసిన పరిశోధనలో, ఈ జెల్ చుట్టునున్న కణములను సాగదీయుటవలన అవి క్రొత్త కొల్లాజెనును పుట్టించునని తేలినది. అనగా అద్దములో కనబడు నిండుదనములో కొంత సీసాలోనిది, కొంత దేహము తానుగా కట్టుకొన్నది. ఈ రెంటికిని ఒకే గడువు వ్రాసి యిచ్చుట యెట్లు?

చోటును బట్టి కూడ భేదము కలదు. పెదవులు మాటలాడునప్పుడు, తినునప్పుడు, నవ్వునప్పుడు కదలుచునే యుండును; అచ్చటి రూపము త్వరగా తఱుగును. కంటిక్రింద కదలిక తక్కువ. అచ్చట వేసినది యేండ్ల తరబడి యుండి, పైపొరలో పడినయెడల చర్మముక్రింద నీలిచాయగా కనబడుటయు కలదు. వ్యాయామము చేయువారికి వేగముగా కరగునని కొందఱందురు. దానికి చూపు ప్రమాణము మాత్రము స్వల్పము.

ఆ సంఖ్యలెచ్చటినుండి వచ్చినవని యడుగవలయును. 2003 డిసెంబరులో అమెరికా ఆహారౌషధ పాలనాసంస్థ రెస్టిలేను అను ఫిల్లరునకు అనుమతి యిచ్చెను. అది ముక్కుప్రక్కల ముడుతలకు సుమారు ఆఱు నెలలని చెప్పబడెను. 2013లో జువెడెర్మ్ వాల్యూమా అనునది చెంపలకు “రెండు సంవత్సరముల వఱకు” అను మాటతో అనుమతి పొందెను. ఈ గడువులను నిర్ణయించిన విధమేమనగా, సూది వేసిన కొన్ని నెలలకు పరీక్షకులు ముఖమును చూచి, మునుపటికంటె ఒక మెట్టయినను మేలుగా నున్నదా యని ఒక కొలపట్టికతో మార్కులు వేయుదురు. అనగా వారు కొలిచినది రూపము. చర్మము లోపల నెంత మిగిలినదని కొలువలేదు. ఆ పరీక్ష యందుకు ఉద్దేశింపబడినదియు కాదు. పరీక్షకులయందు దోషము లేదు. ఆ సంఖ్యను తెచ్చి “ఇన్నాళ్లకు పోవును” అని తిప్పి చెప్పువారియందే దోషము. “వఱకు” అను చిన్నమాటను గూర్చి వ్యాకరణము చెప్పుకొను మావంటివారికి నవ్వు వచ్చుచున్నది. అది పై హద్దును చెప్పును గాని సామాన్యమును చెప్పదు. ప్రకటనలో అది చిన్నయక్షరములలోనికి పోయి, సంఖ్య మాత్రము పెద్దయక్షరములలో నిలుచుచున్నది.

ఇక పదార్థము సంగతి. కొంతకాలముగా ఆస్ట్రేలియా వైద్యులు కొందఱు ఎం.ఆర్.ఐ. యంత్రముతో ముఖముల లోపలిభాగమును చిత్రించి చూచుచున్నారు. ముఖమధ్యమున ఫిల్లరు వేయించుకొని, పిదప కనీసము రెండేండ్లు సూది ముట్టని 33 మందిని పరీక్షించిన వివరము 2024లో ప్రకటింపబడెను. అందఱి యందును పదార్థము కనబడినది. కొందఱి యందు ఎన్నో యేండ్ల వెనుకటిది. 33 మంది లెక్క చిన్నది, వారు చీటివేసి యెంచుకొనబడినవారును కారు. కావున లోకమందలి ప్రతి ముఖమునకు నిదియే న్యాయమని మేమనము. కాని “ఆఱు నెలలలో కరగి మాయమగును” అను మాటను కొట్టివేయుటకు ఇంత చాలును. దీనికి ముందే మఱొక సూచన కనబడియున్నది. 2020లో మాడర్నావారి కోవిడు టీకాను పరీక్షించునప్పుడు, ఫిల్లరు వేయించుకొన్నవారిలో కొందఱికి ముఖమో పెదవియో వాచిన సంగతి అమెరికా పాలనాసంస్థ గుర్తించెను. ఆ వాపులు తగ్గినవి. అయినను, తాము మఱచిపోయిన వస్తువును దేహము మఱువలేదని వారికి తెలిసివచ్చెను.

మేము బడిలో పిల్లలకు తొట్టి లెక్కలు చెప్పువారము గనుక ఒక లెక్క వేసి చూపెదము. సంఖ్యలు ఊహించుకొన్నవి, న్యాయము మాత్రము నిజము. ఏటేట ఒక సిరంజి, అనగా ఒక మిల్లీలీటరు నింపుదురనుకొందము. ఏడాదికి సగము పోవుననుకొందము. రెండవసారి నింపిన దినమున లోపల నుండునది ఒకటి కాదు, ఒకటిన్నర. మూడవసారి ఒకటింబాతిక కాదు, ఒకటిముప్పాతిక. వర్తకుడు మాత్రము ప్రతిసారియు తొట్టి వట్టిదని యనుకొనుమని చెప్పి ఒక సిరంజికి వెల పుచ్చుకొనును. నాలుగైదేండ్లకు ముఖము బరువెక్కి, ఉబ్బి, తన పోలికను కోల్పోయినచో “వయస్సు” అని చెప్పుదురు. దానికి మందుగా మఱొక సిరంజిని చూపుదురు. ఒక్కొక్క సిరంజిలో నుండునది చెంచాలో అయిదవపాలే కదా యని తేలికగా తలంపవలదు. ఆ ముఖమున నున్నది అయిదవపాళ్ల మొత్తము.

శాశ్వతముగా నిలుచు మందు కావలెనని మనుష్యుడు వెనుక ప్రయత్నింపకపోలేదు. పందొమ్మిదవ శతాబ్ది తుదినుండి ఐరోపాలో పారఫిన్ మైనమును చర్మముక్రింద నెక్కించిరి. అమెరికా ధనికకుటుంబమున పుట్టి, తరువాత మార్ల్‌బరో ప్రభుపత్నియైన గ్లాడిస్ డీకన్ తన యిరువదిరెండేండ్ల ప్రాయమున ముక్కు తీరు దిద్దుకొనుటకై మైనము వేయించుకొనెను. ఆ మైనము జాఱి గడ్డమునకు దిగి ఆ లోకప్రసిద్ధ సౌందర్యమును చెఱిచెను. మైనము గడ్డలు కట్టుట చూచిన వైద్యులు దానిని విడిచిరి. 1981లో అమెరికాలో అనుమతి పొందిన ఎద్దుచర్మపు కొల్లాజెను మూడు నాలుగు నెలలలో తఱిగిపోవుచుండెడిది. కొందఱికి పడకపోవుటచే ముందు చేతిపై పరీక్షింపవలసి వచ్చెడిది. శాశ్వతమైనది ప్రమాదము, క్షణికమైనది నష్టము. ఈ రెంటి నడుమ పుట్టినది హయలురానిక్ ఆమ్లపు ఫిల్లరు. దీనియందు నిజమైన సుగుణమొకటి కలదు: హయలురానిడేస్‌ను సూదితో వేసినచో దీనిని కరగించవచ్చును. ఆ గుణము కాల్షియం హైడ్రాక్సీలపటైటునకు లేదు, పాలీలాక్టిక్ ఆమ్లమునకు లేదు, పి.ఎమ్.ఎమ్.ఎ. గోళములకు లేదు, ఈ చివరిది పోనే పోదు. అన్నిటికిని ఫిల్లరనియే పేరు. పేరొక్కటియగుటచే ఒకదాని యభయమును ఇంకొకదానికి అంటగట్టుట సులభమగుచున్నది.

కరగించవచ్చునను మాటయు తేలికైనది కాదు. అది మఱొక మందు, మఱొక సూది, కొందఱికి పడని వస్తువు. మఱియు కొన్ని కీడులు అంత యవకాశ మీయవు. మందు రక్తనాళములోనికి పోయినయెడల చర్మము చచ్చుటయు, చూపు పోవుటయు కలవు. 2015లో వైద్యపత్రికలలో ప్రకటింపబడిన యొక సమీక్షలో ఫిల్లరువలన చూపు చెడిన 98 ఉదంతములు లోకమంతటినుండి కూర్పబడినవి. కోట్లకొలది సూదులలో నిది అరుదని యందురు; నిజమే. కాని తాత్కాలికమైన సొగసునకు శాశ్వతమైన అంధత్వము పందెమని ముందు చెప్పి, పిదప సూది నెత్తవలయును.

మమ్ము పూర్వాచారపరులతో జేర్చి, “ఆడవారి యలంకారమునకు పంతులుగారి యభ్యంతరము” అని తీసివేయువారుందురు. మాకు పసుపుతో తగవు లేదు, కాటుకతో తగవు లేదు, సూదితోనైనను తగవు లేదు. 2004లో అమెరికాలో పాలీలాక్టిక్ ఆమ్లమునకు మొదట అనుమతి వచ్చినది హెచ్.ఐ.వి. రోగమున చెంపలు క్షీణించినవారి కొఱకు. వీథిలో తలయెత్తి నడువజాలనివారికి అది మేలు చేసెను. ఆడపిల్లల డంబమని నిందించు పెద్దలకే మేము బదులు చెప్పవలసియున్నది. ఈ సూదిని పిల్ల తానై కోరుచున్నదా? మా యెఱుకలోని యొక యింట పెండ్లిచూపులకు వచ్చిన పెద్దలు “పిల్ల ముఖము పీక్కుపోయినది” అని పోయిరి. పట్టభద్రురాలై ఉద్యోగము చేసికొనుచున్న ఆ పిల్లను తల్లియే చికిత్సాలయమునకు తీసికొనిపోయెను. “పెండ్లినాటికి బాగుండును, తరువాత కరగిపోవునులే అమ్మా” అని తల్లి బిడ్డను ఒప్పించెను. చూడుడు, ఆ ఒప్పందమంతయు “కరగిపోవును” అను నొక్కమాటపైన నిలిచినది. కట్నమును చట్టము నిషేధించిన దేశమున, 1961నుండి నిషేధించిన దేశమున, కట్నమునకు తోడు చెంపలు గూడ తెమ్మనువారికి ఆ మాట యెంత యనుకూలముగా నున్నదో! తాత్కాలికమైనదానికి బలవంతమేమని వారి సమాధానము.

ఇంగ్లండులో ఈ విషయమై కొంత మేల్కొనిరి. 2013లో సర్ బ్రూస్ కియో అధ్యక్షతను జరిగిన విచారణ, ఫిల్లరు వేయించుకొనువానికి ఒక కలమును గాని పండ్లుతోము కుంచెను గాని కొనువానికంటె నెక్కువ రక్షణ లేదని తేల్చెను. 2021 అక్టోబరు 1వ తేదినుండి అచ్చట పదునెనిమిదేండ్లు నిండనివారికి సొగసుకొఱకు ఫిల్లరు వేయుట నేరము. అదియు చాలదని మా యభిప్రాయము. పదునెనిమిది నిండిన మఱునాడు పెండ్లిచూపులకు కూర్చుండబెట్టబడు మన పిల్లకు ఆ చట్టమేమి చేయగలదు?

చట్టము వచ్చు వఱకు గృహస్థులు చేయదగినది యొకటి కలదు. సూది వేయువారిని ఎన్నాళ్లని యడుగుట మాని, ఏ పదార్థము, ఏ కంపెనీది, ఏ వరుస సంఖ్యది, ఎన్ని మిల్లీలీటర్లు, ముఖమున నెచ్చట, ఎంత లోతున, ఏ తేదిని వేసితిరని కాగితముపై వ్రాయించుకొనవలయును. అది కరగించుటకు వీలగునదా కాదా యనుదానిని గూడ వ్రాయించి సంతకము పెట్టించుకొనవలయును. మరల నింపవలెనని పిలిచిననాడు మునుపటిది పోయినట్లు మీరెట్లు చూచితిరని యడుగవలయును. ఆ కాగితము పిల్ల పెట్టెలోనే యుండవలయును, అత్తవారి బీరువాలో గాదు, పదియేండ్ల తరువాత మఱియొక వైద్యుడు ఆమె చెంపను తడిమి “ఇక్కడ నేమున్నది?” అని యడిగినప్పుడు చూపవలసినది ఆమెయే గనుక.