హంతకుడు ఎచ్చటనుండి వచ్చెను?

మన కుటుంబములలో అపరాధ పరిశోధక కథలకు ఆదరము నిన్న మొన్న కలిగినది కాదు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధరును, ఆయన సహాయకుడు రాజును ఎరుగని తెలుగు ఇల్లు ఒకప్పుడు చెన్నపట్టణమున అరుదు. అద్దెకు తెచ్చిన పుస్తకము పదిచేతులు మారి, చివరి పుటలు ఊడిపోయినచో, హంతకుడెవరో తెలియక ఇంటిల్లపాదియు పడిన వేదన ఇంత అంత కాదు. నేడా స్థానమును చలనచిత్రము ఆక్రమించినది. అందుకు మాకు విచారము లేదు. అయితే ఆనాటి పుస్తకములకు చివరి పుటలు లేకపోవుట లోపము. నేటి చిత్రములలో పెక్కింటికి చివరి పుటలు ఉండుటయే లోపమైనది.

రెండు గంటలసేపు ఊపిరి బిగబట్టి కూర్చున్న ప్రేక్షకుడు, హంతకుని ముఖము చూచిన క్షణమున “ఆహా, ఇంతసేపును నాకేల తోచలేదు!” అనుకొనవలెను. దానికి బదులు “వీడెవడు?” అని ప్రక్కవానిని అడుగుచున్నాడు. ఇది రుచిభేదమని కొందరందురు. కాదు, ఇది మోసమనియు, అంతకు మించి అన్యాయమనియు మా వాదము. వాదమునకై కొన్ని చిత్రముల రహస్యములు బయట పెట్టక తప్పదు. చూడనివారు మన్నింతురు గాక.

ముప్పది సంవత్సరములకు పైగా లెక్కల కాగితముల నడుమ జీవించిన వారము గనుక మాకు తెలిసిన భాషలోనే చెప్పెదము. చిట్టాలో లేని పద్దు ఆవర్జాలో కనబడరాదు. సంవత్సరాంతమున మొత్తములు కలియలేదని, ఎన్నడును వినని పేరొకటి వ్రాసి, తేడా సొమ్మంతయు వాని ఖాతాకు ఎక్కించినచో కాగితముపై మొత్తములు కలియును. కాని దానిని లెక్క యని ఎవ్వరు నందురు? కథారంభమునుండి లేనివానిని కడపట తెచ్చి హంతకుడనుటయు అట్టిదే.

ఈ ధర్మము మేము కల్పించినది కాదు. ఇంగ్లండు దేశమున రోనాల్డ్ నాక్స్ అను క్రైస్తవ మతాచార్యుడు, తానును డిటెక్టివు కథలు వ్రాసినవాడు, 1929లో ఇట్టి కథలకు పది నియమములు ప్రకటించెను. అపరాధి కథ మొదటి భాగముననే పేర్కొనబడిన వాడై యుండవలెను. అతీంద్రియ శక్తులకు తావీయరాదు. పరిశోధకునకు దొరికిన ఆధారమును పాఠకునకు దాచరాదు. కవలలను తెచ్చినచో ముందుగా పాఠకుని అందుకు సిద్ధపరుపవలెను. నాక్స్ కొంత హాస్యధోరణిలో చెప్పినను, విషయము హాస్యము కాదు. పాఠకుడు పందెములో సమానుడను గౌరవము ఆ నియమముల వెనుక నున్నది.

ఆ గౌరవము మన తెరపై ఎట్లు మాయమగుచున్నదో చూడుడు. 1964లో రాజ్ ఖోస్లా తీసిన హిందీ చిత్రము ‘వో కౌన్ థీ’లో మదన్‌మోహన్ సంగీతమును, సాధన అభినయమును మెచ్చనివారు లేరు. వర్షపు రాత్రి కనబడిన ఆ స్త్రీ ఎవరన్న ప్రశ్న మనలను కడవరకు లాగుకొని పోవును. తీరా జవాబేమి? కవల సోదరి! అదే కథ 1966లో తమిళమున ‘యార్ నీ’ గాను, తెలుగున ‘ఆమె ఎవరు?’ గాను వచ్చెను. ఆ హిందీ పాటలను నేటికిని జనులు పాడుకొనుచున్నారు. కవల సోదరిని తలచువారిని మాత్రము మేము చూడలేదు.

ఇది పాతకాలపు దోషమని తీసివేయుటకు వీలులేదు. 2016లో పవన్ కుమార్ కన్నడమున తీసి, 2018లో తెలుగు తమిళములలో మరల తీసిన ‘యూ టర్న్’ చిత్రమును చూడుడు. వంతెనపై అడ్డముగా పెట్టిన రాళ్లను ప్రక్కకు జరిపి, నియమము తప్పి బండి త్రిప్పుకొని పోవువారు వరుసగా మరణింతురు. పత్రికా విలేఖరియైన యువతి బండ్ల నంబర్ల జాబితా పట్టుకొని విచారించును, పోలీసులు ప్రశ్నింతురు, మనమును వారితోపాటు మనుష్యుని కొరకే వెదకుదుము. తుదకు చంపినది దయ్యమని తేలును. రహదారి క్రమశిక్షణ గూర్చి ఆ చిత్రము చెప్పిన నీతి శ్లాఘనీయమే. దయ్యపు కథయని ముందే చెప్పినచో దయ్యమును మేము సంతోషముగా అంగీకరింతుము. చదరంగమునకు పిలిచి, ఆట మధ్యలో పాచికలు తీయుటయే మా ఆక్షేపణ.

ఇంతవరకు మోసము. ఇక అన్యాయము మాట. 2018 నాటి తమిళ చిత్రము ‘రాక్షసన్’, తెలుగున 2019లో ‘రాక్షసుడు’, ఉత్కంఠ కల్పించుటలో అసాధారణమైనవి. బాలికలను చంపుచున్నవాడు పాఠశాలలలో స్త్రీవేషమున ఇంద్రజాలము చూపు వ్యక్తియని చివరి భాగమున తేలును. ఏల చంపుచున్నాడు? బాల్యమున రోగము చేత రూపము మారి, తోటివారి పరిహాసమునకు గురియైనాడట! అతని గతమంతయు వెనుకకు త్రిప్పి ఒక్కమారుగా మనకు వినిపింతురు. కారణము చాలనిచోట అతని దేహమునే సాక్ష్యముగా నిలిపిరి.

ఈ ఒక్క చిత్రమే కాదు. రూపవైకల్యము గలవాడు, మానసిక రోగి, చిన్ననాట అవమానింపబడినవాడు, ఊరికి క్రొత్తగా వచ్చినవాడు: కథకునకు తోచనప్పుడెల్ల వీరిలో ఒకని మెడపై హత్యలు పడుచున్నవి. పిచ్చివాడనిన చాలును, హేతువు చూపనక్కరలేదు. మానసిక రోగులు ఇతరులను హింసించుటకంటె తామే హింసకు గురియగుట ఎక్కువయని వైద్యశాస్త్రము చెప్పుచుండగా, తెర నేర్పునది మరియొకటి. ఆట ముగిసి బయటకు వచ్చిన బాలుడు తన తరగతిలో ముఖము వికృతముగా నున్న సహాధ్యాయుని ఏ కంట చూచును?

ఈ ప్రశ్న మనకు మరింత దగ్గరిది. తరతరములుగా పరభాషా ప్రాంతములలో స్థిరపడి, ఆ నేలనే తల్లిగా భావించినవారమైనను, వీధిలో వస్తువు పోయినప్పుడు “ఆ పైనుంచి వచ్చినవారి ఇంట అడిగితిరా?” అన్న మాట మన పెద్దలు వినియే యున్నారు. ఆధారము లేక అనుమానము ఎవరి గడప త్రొక్కునో అనుభవించిన జనము మనము. అట్టి మనము, ఆధారము లేక ఒకని హంతకునిగా నిలిపిన చిత్రమునకు చప్పట్లు కొట్టవచ్చునా?

“వినోదమునకు పోయినచోట ఇంత విచారణ ఏల? హంతకుని మొదటనే చూపినచో ప్రేక్షకుడు ఊహించివేయును గదా” అని నిర్మాతలు బదులు చెప్పవచ్చును. దీనికి మన చెన్నపట్టణమే 1954లో సమాధానమిచ్చినది. ఏ.వి.ఎం. వారి ‘అంద నాళ్’ తమిళ చిత్రమును వీణా విద్వాంసుడు ఎస్. బాలచందర్ దర్శకత్వమున తీసిరి. పాటలు లేవు, నృత్యములు లేవు. 1943లో జపాను బాంబుల భయముతో నున్న మద్రాసులో రేడియో ఇంజనీరొకడు కాల్చబడును. ఇంటివారు, ఇరుగుపొరుగువారు ఒక్కొక్కరు ఒక్కొక్క రీతిని చెప్పుదురు. తుదకు తేలునదేమి? భర్త దేశద్రోహియని ఎరిగిన భార్య చేతి తుపాకియే అతనిని బలిగొన్నది. ఆ పాత్ర ధరించిన పండరీబాయి ఆదినుండి మన కన్నుల ఎదుటనే యున్నది. ఆమె దేశభక్తియు, పతిభక్తియు మనకు తెలిసినవే. ఆ రెండును ఒకనాడు ఢీకొనునని మాత్రము మనము తలచము. రహస్యము తెలిసిన పిమ్మట ఆ చిత్రమును మరల చూచినచో రుచి తగ్గదు సరిగదా, ఆమె మౌనములోని అర్థము అప్పుడే బోధపడును. ఆ చిత్రము నాడు ధనము తేలేదన్నది నిజము. ధనము తెచ్చిన చిత్రములలో ఎన్నింటిని నేడు తలచుకొనుచున్నారో నిర్మాతలే లెక్క వేసికొందురు గాక.

మన సంఘముల యువకులకు ఒక మనవి. చిత్రము చూచి ఇల్లు చేరిన పిమ్మట మూడు ప్రశ్నలు వేసికొనుడు. హంతకుడు మొదటి గంటలో మన ఎదుట నుండెనా? పరిశోధకుడు చూచిన ఆధారము మనకును చూపిరా? వాని రోగమును, రూపమును, ఊరును తీసివేసినను హత్యకు కారణము నిలుచునా? మూడింటికిని అవునను జవాబు రానిచో, నటుడెంతటి వాడైనను ఆ చిత్రమును మెచ్చకుడు, మరియొకరిని చూడుమని ప్రోత్సహింపకుడు. కథలు వ్రాయు ఉత్సాహము గలవారు అంతటితో ఆగక, ఈ మూడు ప్రశ్నలకును తలయొగ్గు కథ నొకటి వ్రాసి రాబోవు సంచికకు పంపవలెను. దాని చివరి పుట చదువుటకు మేము ఎదురుచూచుచుందుము.