ఊరి ఆట, వాడ నేల

1978లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, వాసెకా అనే చిన్న పట్టణంలో ఒక క్లబ్బు సమావేశం జరిగింది. వక్త మిన్నెసోటా ట్విన్స్ బేస్‌బాల్ జట్టు యజమాని కాల్విన్ గ్రిఫిత్. జట్టును 1961లో దేశ రాజధాని వాషింగ్టన్ నుంచి ఇక్కడికి ఎందుకు తరలించారన్న ప్రశ్నకు ఆయన దాపరికం లేకుండా జవాబిచ్చాడు. మిన్నెసోటాలో నల్లవారు పదిహేను వేల మందే ఉన్నారని తెలిశాక నిర్ణయం తీసుకున్నానని, ఇక్కడి కష్టపడే తెల్లవారిని చూసే వచ్చానని అన్నాడు. సభలో ఉన్న ఒక పాత్రికేయుడు ఆ మాటలను పత్రికకెక్కించాడు. జట్టులోని మేటి ఆటగాడు, నల్లజాతీయుడైన రాడ్ కెరూ భగ్గుమన్నాడు. 2020లో, జార్జ్ ఫ్లాయిడ్ హత్యానంతర ఉద్యమ కాలంలో, స్టేడియం ముందున్న గ్రిఫిత్ విగ్రహాన్ని ఆ జట్టే తొలగించింది.

విగ్రహం తొలగింది. జట్లను తరలించే లెక్కలో మాత్రం ఆ పాత అంకె ఇంకా ఉంది. ఇవాళ ఎవరూ గ్రిఫిత్‌లా మాట్లాడరు. ‘అభిమానులు ఎక్కువగా ఉన్న చోటు’, ‘కొనుగోలు శక్తి’, ‘కుటుంబాలకు అనువైన పరిసరాలు’ అంటారు. కులం పేరెత్తకుండా కులాన్ని నడిపించే భాషతో పరిచయమున్న మనకు ఈ మాటల అర్థం విప్పి చెప్పనక్కర్లేదు.

జాతి, కులం ఒకటి కావని విద్యార్థులకు పాఠం చెప్పేటప్పుడు నేను మొదటే హెచ్చరిస్తాను. వాటి చరిత్రలు వేరు, వాటి వెనకున్న ధర్మశాస్త్రాలు వేరు. అయినా 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కు లేఖ రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లజాతివారు సమర్పించిన వినతిపత్రం ప్రతులు కావాలని అడిగారు. పోలికలోని ప్రయోజనం ఆయనకు తెలుసు. తెలుగులో మనకు ‘ఊరు’, ‘వాడ’ అనే రెండు మాటలున్నాయి. ఏ నగరాన్ని చదవడానికైనా ఇవి పనికొస్తాయి. ప్రజాధనంతో కట్టే స్టేడియం విషయంలో నా ప్రశ్న కూడా ఈ మాటలతోనే మొదలవుతుంది: డబ్బు అందరిదీ అయినప్పుడు, ఆ స్టేడియం ఎవరి నేల మీద లేస్తోంది, ఎవరి ముంగిటికి తరలిపోతోంది?

ముందుగా ఈ వ్యాపారం నడిచే తీరు చూద్దాం. అమెరికా ప్రధాన బేస్‌బాల్ లీగ్‌లో ఉన్నవి 30 జట్లే. కొత్త జట్టును చేర్చుకోవాలా వద్దా అన్నది ఉన్న జట్ల యజమానులే తేలుస్తారు. 1922లో అమెరికా సుప్రీంకోర్టు బేస్‌బాల్‌కు గుత్తాధిపత్య నిరోధక చట్టాల నుంచి మినహాయింపునిచ్చింది. జట్టు కావాలనుకునే నగరాలు ఎక్కువ, జట్లు తక్కువ. కాబట్టి ‘స్టేడియం కట్టిస్తారా, వేరే ఊరు చూసుకోమంటారా’ అన్న బెదిరింపు ఎప్పుడూ చేతిలో సిద్ధంగా ఉంటుంది. స్టేడియాల కోసం స్థానిక ప్రభుత్వాలు జారీచేసే బాండ్లపై వడ్డీకి చాలా సందర్భాల్లో కేంద్ర ఆదాయపు పన్ను ఉండదు. దీన్ని అడ్డుకోవాలని 1986 పన్ను చట్టంలో ఒక షరతు పెట్టారు. అప్పు తీర్చే మొత్తంలో 10 శాతానికి మించి స్టేడియం ఆదాయం నుంచి రాకూడదన్నారు. అలాగైతే ఏ నగరమూ ఇంత భారం నెత్తికెత్తుకోదని చట్టకర్తలు అనుకున్నారు. నగరాలు ఎత్తుకున్నాయి. మినహాయింపు దక్కించుకోవడానికి అప్పును స్టేడియం రాబడి నుంచి కాక సాధారణ పన్నుల నుంచి తీర్చసాగాయి. జట్టుకు మేలు చేయడమే ప్రజలు మరింత చెల్లించడానికి షరతుగా మారింది.

ఈ యంత్రం వాడ మీదుగా ఎలా నడుస్తుందో అట్లాంటా నగరం చూపిస్తుంది. నగర కేంద్రానికి దక్షిణాన ఉన్న వాషింగ్టన్-రాసన్ ప్రాంతంలో 1950ల నాటికి ఎక్కువగా పేద నల్లజాతి కుటుంబాలు ఉండేవి. ‘పట్టణ పునరుద్ధరణ’ పేరుతో ఆ ఇళ్లను నేలమట్టం చేశారు. అక్కడ మళ్లీ ఇళ్లు కట్టాలన్న ఆలోచన పక్కకుపోయింది. మేయర్ ఐవన్ అలెన్ ఆ చోట స్టేడియం కట్టించాడు. చేతిలో లేని డబ్బుతో, తమది కాని నేల మీద, ఇంకా గీయని స్టేడియాన్ని జట్టుకు చూపి రప్పించామని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. 1966లో బ్రేవ్స్ జట్టు మిల్వాకీ నుంచి అట్లాంటాకు వచ్చింది. అంతకు 13 ఏళ్ల ముందు ఇదే జట్టు బోస్టన్‌ను వదిలి మిల్వాకీకి చేరింది. అక్కడ ప్రజాధనంతో కట్టిన స్టేడియాన్ని ఖాళీగా వదిలేసి వచ్చింది. విస్కాన్సిన్ రాష్ట్రం కోర్టుకెక్కినా, చివరకు బేస్‌బాల్‌కున్న మినహాయింపే గెలిచింది.

ఆ మొదటి సీజన్ ముగియకముందే, 1966 సెప్టెంబరు 6న, స్టేడియం పక్కనున్న సమ్మర్‌హిల్‌లో తిరుగుబాటు చెలరేగింది. పోలీసులు ఒక నల్లజాతి యువకుడిపై కాల్పులు జరపడం అందుకు తక్షణ కారణం. జనాన్ని శాంతింపజేయడానికి మేయర్ కారు మీదకెక్కి మాట్లాడాల్సి వచ్చింది. ఇళ్లు పోగొట్టుకున్నవారికి ఇళ్లు రాలేదు, ఆటకు మాత్రం ఏడాది తిరగకుండా గూడు లేచింది. ఆ పేట ప్రజలు దాన్ని ప్రతిరోజూ కళ్లారా చూస్తూ బతికారు.

1996 ఒలింపిక్స్ కోసం ఆ పక్కనే మరో స్టేడియం కట్టారు. ఆ తర్వాత దాన్ని టర్నర్ ఫీల్డ్‌గా మార్చి బ్రేవ్స్‌కు ఇచ్చారు. పాతదాన్ని 1997లో కూల్చి ఆ స్థలాన్ని కార్ల నిలుపుదలకు వదిలారు. కొత్తదానికి ఇరవై ఏళ్లయినా నిండకముందే, 2013 నవంబరు 11న, తాము కాబ్ కౌంటీకి వెళ్లిపోతున్నట్టు జట్టు ప్రకటించింది. టికెట్లు కొనేవారు ఎక్కువగా ఉత్తరాన ఉన్నారని చూపే పటాన్ని కూడా విడుదల చేసింది. నల్లవారితో కలిసి ఉండలేక నగరం విడిచిన తెల్లవారు స్థిరపడిన శివార్లలో కాబ్ ఒకటి. ఆ ప్రాంతపు ఉమ్మడి రవాణా సంస్థ మార్టాలో చేరడాన్ని 1965 ఓటింగ్‌లో తిరస్కరించిన కౌంటీ అదొక్కటే. నేటికీ అక్కడికి మార్టా రైలు లేదు. కొత్త స్టేడియానికి రైలు ప్రస్తావన రాగానే, ఉత్తర, తూర్పు దిక్కుల నుంచి కార్లు వచ్చేలా చూడాలి తప్ప అట్లాంటా నుంచి జనాన్ని రైల్లో తేవడం పరిష్కారం కాదని స్థానిక రిపబ్లికన్ నాయకుడొకరు ప్రకటన ఇచ్చాడు. జట్టు రావాలి, దాని పాత పొరుగువారు రాకూడదు. గ్రిఫిత్ చెప్పిన మాటే ఇక్కడ రవాణా ప్రణాళికగా మారింది.

ప్రకటన వెలువడిన రెండు వారాలకే కౌంటీ పాలకమండలి సుమారు 30 కోట్ల డాలర్ల ప్రజాధనానికి ఆమోదం తెలిపింది. ప్రజల ఓటింగ్ జరగలేదు. మండలిలో ఐదుగురిలో నలుగురు అనుకూలం. వ్యతిరేకంగా ఓటేసిన ఒకే ఒక్కరు లీసా క్యూపిడ్, ఆ మండలిలోని ఏకైక నల్లజాతి సభ్యురాలు. ఈ వివరం నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది. ‘అభివృద్ధి’ అనే మాట వినబడగానే దాని మూల్యం ఎంతో, ఎవరు చెల్లిస్తారో అడగడం వాడ నుంచి వచ్చినవారికి చరిత్ర నేర్పిన అలవాటు. చట్టసభల్లో ప్రాతినిధ్యం ఎందుకని అడిగేవారికి ఆ ఒక్క ఓటు సమాధానం. ఒప్పందాన్ని కుదిర్చిన మండలి అధ్యక్షుడు 2016లో సొంత పార్టీ ఎన్నికలోనే ఓడిపోయాడు. 2020లో అదే అధ్యక్ష పదవికి క్యూపిడ్ ఎన్నికైంది.

స్టేడియం వల్ల ఊరికి డబ్బు వస్తుందన్న వాదన సంగతేమిటి? రోజర్ నోల్, ఆండ్రూ జింబలిస్ట్ 1997లోనే సంకలనం చేసిన అధ్యయనాలు దాన్ని తోసిపుచ్చాయి. ఆ తర్వాతి పరిశోధనల్లో అత్యధికం అదే చెబుతున్నాయి. కారణం కష్టమైనది కాదు. ఒక కుటుంబం మ్యాచ్‌కు పెట్టే ఖర్చు, మ్యాచ్ లేకపోతే అదే ఊళ్లో సినిమాకో భోజనానికో పెట్టేదే. మ్యాచ్‌కు పెట్టినదాంట్లో పెద్దభాగం ఎక్కడో ఉండే యజమానులకు, ఆటగాళ్లకు పోతుంది. ఊరికి మిగిలేవి ఏడాదిలో కొన్ని రోజుల చిరు ఉద్యోగాలు. 2000 నుంచి కట్టిన లేదా భారీగా మరమ్మతు చేసిన 45 స్టేడియాల్లో 36 పన్ను మినహాయింపు బాండ్లు వాడుకున్నాయని, కేంద్ర ఖజానాకు 320 కోట్ల డాలర్లు నష్టమని 2016లో బ్రూకింగ్స్ సంస్థ లెక్కగట్టింది. మ్యాచ్ ముఖం చూడని పేద కుటుంబం కూడా ఈ లెక్కలో భాగస్వామే, నష్టంలో మాత్రమే.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని గౌరవంగా వినాలి. క్రీడ అణగారినవారికి కూడా ఆత్మగౌరవాన్నిచ్చింది కదా అంటారు. నిజమే. 1974 ఏప్రిల్ 8న హ్యాంక్ ఆరన్ బేబ్ రూత్ రికార్డును దాటింది ఆ అట్లాంటా స్టేడియంలోనే. ఆ రికార్డు చేరువవుతున్న కొద్దీ ఆయనకు చంపుతామన్న లేఖలు కుప్పలుగా వచ్చాయి. మన పాల్వంకర్ బాలూ బంతితో జట్టును గెలిపించి, టీ మాత్రం పెవిలియన్ బయట విడిగా తాగవలసి వచ్చింది. మైదానంలోకి రానివ్వడం ఒక హక్కు. మైదానం ఎక్కడుండాలో, ఎవరి డబ్బుతో ఉండాలో నిర్ణయించడం మరో హక్కు. మొదటిది పోరాడి సాధించుకున్నవారికి రెండోది ఇంకా అందలేదు.

ఇది ఎక్కడో జరిగిన కథ అని తెలుగు పాఠకులు పక్కన పెట్టలేరు. అట్లాంటా ఉత్తర శివార్లలో నేడు వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. వారిలో చాలామంది ఇల్లు కొనుక్కున్న ఫోర్సైత్ కౌంటీ, 1912లో నల్లవారందరినీ తరిమేసిన నేల. అక్కడి ‘మంచి స్కూళ్ల’, ‘ప్రశాంత పరిసరాల’ వెనక ఉన్న చరిత్ర వారిదీ అవుతుంది. ఇక ఇక్కడ, 2025లో ఉచిత పాసుల వివాదంలో సన్‌రైజర్స్ యాజమాన్యం హైదరాబాద్ విడిచిపోతామని హెచ్చరించింది. ఆ తగవులో తప్పెవరిదన్నది వేరే విషయం. వెళ్లిపోతామనే మాట మన నగరానికీ చేరింది. దానికి మనం సిద్ధం చేసుకోవలసిన జవాబు ‘ప్రజా ప్రయోజనం’ అన్న మాటలో ఉంది. దళితులకిచ్చిన అసైన్డ్ భూమిని ప్రజా ప్రయోజనం పేరిట వెనక్కి తీసుకుంటే, పూర్తి యజమానికిచ్చినట్టే మార్కెట్ విలువతో పరిహారం ఇవ్వాలని 2004లో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు ధర్మాసనం చెప్పింది. ఆ తీర్పు వెనకున్న సూత్రం స్టేడియాలకూ వర్తిస్తుంది: ప్రయోజనం ఊరిది, త్యాగం వాడది కాకూడదు.

చేయగలిగినవి ఉన్నాయి. 2006లో సియాటిల్ ఓటర్లు జట్లకు రాయితీలు వద్దని చట్టం తెచ్చుకున్నారు. రెండేళ్లకు వారి బాస్కెట్‌బాల్ జట్టు వెళ్లిపోయింది, నగరం మాత్రం కుప్పకూలలేదు. గ్రీన్ బే పట్టణంలో ఫుట్‌బాల్ జట్టు 1923 నుంచి స్థానికులు వాటాదారులుగా ఉన్న లాభాపేక్ష లేని సంస్థ. అది ఊరు విడిచి ఎక్కడికీ పోలేదు. ఆ నమూనాను లీగ్ మరెవరికీ అనుమతించడం లేదంటే అది ఎవరికి భయమో అర్థమవుతుంది. ప్రజాధనం అడిగే ప్రతి స్టేడియానికీ ముందు ప్రజల ఓటు ఉండాలి. జట్టు గడువుకు ముందే వెళ్లిపోతే డబ్బు తిరిగి రాబట్టే షరతు ఒప్పందంలో ఉండాలి. నేల ఇచ్చిన పేటకు ఇళ్లలో, కొలువుల్లో, నిర్ణయాధికారంలో రాతపూర్వక వాటా ఉండాలి.

విద్యార్థులకు నా విన్నపం ఒకటే. మీ నగరంలో రేపు ఏదైనా స్టేడియం ప్రకటన వెలువడితే, అందులో ఎన్ని సీట్లున్నాయో పత్రికలే చెబుతాయి. ఆ స్థలంలో నిన్నటిదాకా ఎవరి ఇళ్లున్నాయో, అక్కడికి ఏ బస్సు పోతుందో, అప్పు ఏ పన్ను నుంచి తీరుతుందో మీరు అడగండి. ఆ మూడు ప్రశ్నలకు జవాబు దొరికే వరకు చప్పట్లు కొట్టవలసిన తొందరేమీ లేదు.