ఏడును ఎనిమిది చేసే పెట్టె

గత మాఘమాసంలో బందరులో ఒక నృత్యప్రదర్శన చూశాను. మా మేనకోడలు కూచిపూడి నేర్చుకుంటోంది, ఆమె కోసమే వెళ్ళాను. ఆమె వంతుకు క్షేత్రయ్య పదం వచ్చింది. త్రిపుట తాళం, అంటే మూడు, రెండు, రెండు కలిపి ఏడక్షరాలు. వేదిక మీద వాద్యకారులెవరూ లేరు, పాట పెన్‌డ్రైవులో వచ్చింది. మొదటి ఆవర్తం ముగిసేసరికి నా చేతి తాళం తప్పింది. నేనే పొరబడ్డాననుకొని మళ్ళీ వేశాను. మళ్ళీ తప్పింది. మూడోసారి వ్రేళ్ళు మడిచి లెక్కపెడితే తేలింది: ఏడో అక్షరం తరువాత ఒక ఖాళీ, ఆ ఖాళీని పూడ్చడానికి ఒక తబలా దెబ్బ. పిల్ల ఆ ఎనిమిదో అక్షరం దగ్గర చేసేదేమీ లేక కాలు నేలకు ఆనించి నిలబడుతోంది. సభ చప్పట్లు కొట్టింది.

ఆ పాట తయారైన రికార్డింగు గది గుడివాడలో ఉందని తెలిసి వెళ్ళాను. పేరు వ్రాయను. ఇది ఒక్కడి తప్పు కాదు, పైగా మనిషి మంచివాడు, టీ కూడా ఇప్పించాడు.

"లూపులన్నీ ఎనిమిదివే దొరుకుతాయి మాస్టారూ. పాటనే కాస్త సర్దాను. ఎవరికీ తెలియలేదు గదండీ!" అన్నాడు.

గుడివాడ నుంచి పామర్రు మీదుగా కూచిపూడికి, అక్కడికి కూతవేటు దూరంలో ఉన్న మువ్వకు వెళ్ళడానికి గంట పట్టదు. మువ్వగోపాలుడి పదానికి మువ్వ పక్కనే ఒక అక్షరం అతికించారు, అదీ ఎవరికీ తెలియకుండా! (ఛాందసులు కొందరు ఆదితాళం కూడా త్రిపుటే గదా, చతురశ్రజాతి గదా అని నన్ను పట్టుకోవచ్చు. నిజమే. కాని పదకర్త ఏ జాతిని ఉద్దేశించాడన్నది లూపులమ్మే దుకాణం నిర్ణయించరాదు.)

ఇక్కడ ఇద్దరితో నాకు పేచీ. "యంత్రం వచ్చింది, మన తాళం చచ్చింది" అని శోకాలు పెట్టేవారు మొదటివారు. "యంత్రంలో ఇంతే, సర్దుకోవాలి" అనేవారు రెండోవారు. ఇద్దరూ యంత్రాన్ని తెరచి చూసినవారు కారు.

నేను తెరిచాను. హైడ్రోజన్ అనే డ్రమ్ శాంప్లర్, రోజ్‌గార్డెన్ అనే సీక్వెన్సర్, రెండూ ఉచితమే, జీపీఎల్ లైసెన్సు మీద దొరుకుతాయి. సీక్వెన్సర్ అంటే ఏ క్షణంలో ఏ దెబ్బ పడాలో వ్రాసుకొనే చిట్టా. శాంప్లర్ అంటే ఆ చిట్టా చదివి, ముందే రికార్డు చేసి పెట్టిన దెబ్బను పలికించే వాద్యం. లూపు ఈ రెండూ కాదు. అది ఎవరో ఎక్కడో వాయించి, కోసి, ప్యాకెట్టులో పెట్టి అమ్మిన దరువు. దానిలో నుంచి ఒక్క దెబ్బను కదపడం కష్టం. శాంప్లర్లో ప్రతి దెబ్బా నా చేతిలో ఉంటుంది. ఈ తేడా తెలియకపోవడం వల్లనే ఏడు ఎనిమిదయింది. సీక్వెన్సర్లో తాళాన్ని ఏడుకు మార్చడం రెండు నిమిషాల పని. మెట్రోనోమ్ ఒత్తును ఒకటి, నాలుగు, ఆరు అక్షరాల మీద పెట్టుకుంటే త్రిపుట కళ్ళెదుటే కనిపిస్తుంది.

యంత్రానికి పక్షపాతం లేదని మాత్రం అనను. ఉంది. శాంప్లర్ తెరవగానే పాశ్చాత్య డ్రమ్ముల వరుస, నాలుగు బీట్ల గడి ఎదురవుతాయి. 1991లో వచ్చిన జనరల్ మిడి ప్రమాణంలో తాళవాద్యాలకు 35 నుంచి 81 దాకా 47 స్థానాలు కేటాయించారు. బోంగో, కాంగా, క్యూకా, గుయిరో, చివరకు ఈలకు కూడా రెండు స్థానాలు! మృదంగానికి లేదు, తబలాకు లేదు, డప్పుకు లేదు. స్వరవాద్యాల పట్టికలో సితారుకూ షెహనాయికీ చోటిచ్చినవారికి మనకొక తాళవాద్యం ఉందన్న సంగతి తోచలేదు.

అదే 1991లో యూనికోడు మొదటి కూర్పు వచ్చింది. అందులో తెలుగు ఉంది. అయినా పదేళ్ళు దాటాక కూడా మన తెరల మీద డబ్బాలే కనిపించిన సంగతి మీకు నేను చెప్పాలా! అప్పుడు మనమేం చేశాం? "కంప్యూటర్లో తెలుగు ఇంతే, ఇంగ్లీషు అక్షరాల్లో వ్రాసుకోండి" అన్నవారి మాట విన్నామా? ఒకరికొకరం ఫాంటులు పంపుకున్నాం, సంక్లిష్ట లిపుల మీట ఎక్కడుందో చెప్పుకున్నాం, లేఖినిలో వత్తులు తప్పులు పోతే గొణుక్కుంటూ దిద్దుకున్నాం. అక్షరం విషయంలో అంత పట్టు పట్టిన మనమే అక్షరకాలం విషయంలో ఎందుకింత మెత్తబడ్డాం?

జనరల్ మిడి పట్టిక శిలాశాసనం కాదు. హైడ్రోజన్‌లో మొదటి వాద్యం మామూలుగా 36వ స్వరానికి పలుకుతుంది, తరువాతివి వరుసగా. నేను 36కు తా, 37కు ది, 38కి తొం, 39కి నం, 40కి చాపు పెట్టుకున్నాను. చాపునూ నంనూ ఒకే మ్యూట్ గ్రూపులో చేర్చాను. చర్మం మీద వ్రేలు ఆనితే మ్రోత ఆగాలి గదా, పాశ్చాత్యుల హై-హ్యాట్ కోసం చేసిన ఏర్పాటు మన మృదంగానికి అలా పనికివచ్చింది.

చిక్కు గతుల దగ్గర వచ్చింది. హైడ్రోజన్ పాత కూర్పులలో ఒక బీటుకు 48 భాగాలు. 48ని మూడుతో, నాలుగుతో భాగించవచ్చు. అయిదుతో భాగించండి చూద్దాం! అక్షరానికి ఒక సెకను చొప్పున నడిచే ఖండగతిలో రెండో దెబ్బ 8 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడుతుంది. "ఎనిమిదేనా" అంటారేమో, మృదంగ విద్వాంసుడి ముందు ఆ మాట అనకండి. అందుచేత శాంప్లర్ గడిని పక్కన పెట్టి, కాలాన్ని సీక్వెన్సర్‌కే అప్పగించాలి. రోజ్‌గార్డెన్‌లో బీటుకు 960 భాగాలు. ఖండగతి సరిగ్గా 192 చొప్పున కూర్చుంటుంది. మిశ్రగతికి ఏడో వంతు దగ్గర శేషం మిగులుతుంది గాని ఆ తేడా ఒక్క మిల్లీసెకనులో సగం కూడా ఉండదు. అసలు మిడి ఫైలు ప్రమాణం ఈ సంఖ్యను 32767 దాకా ఎంతైనా ఉండనిస్తుంది. 1260 అనుకుంటే మూడు, నాలుగు, అయిదు, ఏడు, తొమ్మిది, అయిదు గతులూ శేషం లేకుండా భాగింపబడతాయి. ఈ లెక్క వేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంతకూ దెబ్బలెక్కడివి? కూచిపూడి పరిసరాలలో నాట్యానికి వాయించే ఒక పెద్దాయనను అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నా దెబ్బ మీ పెట్టెలో పెట్టుకున్నాక నన్నెవరు పిలుస్తారు బాబూ?" అన్నారు.

పైన వ్రాసిన లెక్కలేవీ ఈ ప్రశ్నకు జవాబు కావు. నేను దాటవేయలేదు. "ఇప్పటికే పిలవడం లేదు గదండీ" అన్నాను. అనకుండా ఉండవలసింది. ఆయన నవ్వారు. చివరకు మూడు షరతుల మీద ఒప్పుకున్నారు: కచేరీకిచ్చేంత పారితోషికం, ప్రతి ప్రతి మీదా ఆయన పేరు, ఇంటి అభ్యాసానికే తప్ప వేదిక మీద వాడరాదు. మూడోది మా మేనకోడలి గురువుగారికి నచ్చలేదు. "ఖర్చు ఎవరు భరిస్తారండీ?" అన్నారు. మైకులకూ, అలంకరణకూ, వీడియోకూ భరిస్తున్నవారే భరించాలి. ఈ మాట ఆవిడతో అన్నాను, ఇక్కడా అంటున్నాను, ఎవరికి కోపం వచ్చినా సరే.

ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, చెమటలు కక్కుతూ ఒక పూటంతా రికార్డు చేశాము. ప్రతి దెబ్బనూ అయిదు స్థాయిల బలంతో, ఒక్కో స్థాయిలో నాలుగేసి మార్లు. ఒకే దెబ్బ తిరిగి తిరిగి పలికితే రేకు మీద వడగళ్ళు పడ్డట్టుంటుంది, నాలుగూ మార్చి మార్చి పలికిస్తే చెయ్యి కనిపిస్తుంది. ఫైలు మొదట్లో వెంట్రుకవాసి నిశ్శబ్దం మిగిలినా లయ చెడుతుంది, కనుక కత్తిరించడానికే వారం పట్టింది. శ్రుతి మార్చడం శాంప్లర్‌తో చేయించకండి. రెండు మెట్లు దాటితే మృదంగం బొమ్మ డోలయిపోతుంది. పిల్ల పాడే శ్రుతికే వాద్యాన్ని కట్టించి మళ్ళీ రికార్డు చేయాలి. గుంకీ మాత్రం నాకు లొంగలేదు. ఎడమ అరచెయ్యి చర్మం మీద జారుతూ తీసే ఆ వంపును ముక్కలుగా పట్టలేము. "అది మీ పెట్టెకు రాదులెండి" అని ఆయన సంతోషంగా అన్నారు. నాకూ సంతోషమే అయింది.

ఇప్పుడు పిల్ల ఏడులో అభ్యాసం చేస్తోంది. గుడివాడ మిత్రుడికి ఆ ఏడక్షరాల చిట్టా ఇచ్చాను, దెబ్బలివ్వలేదు. అవి ఇవ్వడానికి నావి కావు. "నేనూ ఒకరిని పిలిచి రికార్డు చేస్తానండి" అన్నాడు. చేస్తాడో లేదో చూడాలి.

నాకింకొక పని ఉంది. పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమలోకి వెళ్ళి డప్పు దెబ్బలు పట్టాలి. మంట దగ్గర కాచిన డప్పు చల్లారే కొద్దీ శ్రుతి దిగిపోతుంది. అయిదు స్థాయిలు, నాలుగు మార్లు అంటే మధ్యలో ఎన్నిసార్లు కాచాలో తెలియదు. అవనిగడ్డ వైపు డప్పు వాయించేవారితో పరిచయమున్న మిత్రులెవరైనా ఈ టపా చదువుతుంటే వ్యాఖ్యలో ఒక మాట వ్రాయండి. పారితోషికం ముందే ఇస్తాను.