వార్త పక్కన ఒక పటం

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం నీట మునిగాయి. అక్కడ అయినవాళ్లున్న ఎవరికైనా ముందు కావాల్సింది ఒక్కటే: మా వాళ్ల వీధి దాకా నీళ్లొచ్చాయా? ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వెళ్లిందన్న అంకె అందుకు జవాబు చెప్పదు. మునిగిన వీధులనూ పునరావాస కేంద్రాలనూ గుర్తించిన పటం చెబుతుంది.

వార్తను ఇలా పటంతో చెప్పడం ఎప్పుడో రుజువైన పద్ధతి. 2007 అక్టోబరులో అమెరికాలోని శాన్ డియాగో చుట్టూ కార్చిచ్చు రేగినప్పుడు స్థానిక ప్రసార సంస్థ కేపీబీఎస్, మంటలు ఎక్కడిదాకా వచ్చాయో, ఎవరు ఇళ్లు ఖాళీ చేయాలో గూగుల్ పటం మీద ఎప్పటికప్పుడు చూపింది. అంతకు రెండేళ్ల ముందే షికాగోలో ఏడ్రియన్ హొలోవాటీ అనే పాత్రికేయుడు పోలీసుల నేర వివరాలను పటంపైకి ఎక్కించారు.

ఇలాంటి పటాలు మన దగ్గరా సాధ్యమే. తెలుగు పత్రికలకు జిల్లా పేజీలున్నాయి, మండలానికో విలేకరి ఉన్నారు. ఏ కల్వర్టు కుంగిందో, ఏ చెరువు కట్ట తెగిందో ముందుగా తెలిసేది వాళ్లకే. పటానికి ఆధారంగా, మూలాన్ని పేర్కొంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను ఉచితంగా వాడుకోవచ్చు. ఇస్రో వారి భువన్ వెబ్‌సైట్‌లో ఉపగ్రహ చిత్రాలున్నాయి.

జాగ్రత్తలూ తప్పనిసరి. పటం ఏ గంట నాటిదో రాయాలి. లైంగిక నేరాల వార్తల్లో బాధితుల ఇంటి జాడ తెలిపే గుర్తు అసలే పెట్టకూడదు. ఈ నియమాలతో ప్రతి జిల్లా డెస్కూ వచ్చే వానాకాలానికి ముందే తన ప్రాంతపు వాగులు, లోతట్టు కాలనీల పటం సిద్ధం చేసుకోవాలి.