ముందు ఆగిన బండిని తియ్యండి

ట్రాఫిక్ జామ్ అనగానే మన దగ్గర వినపడే మందు ఒక్కటే: రోడ్డు వెడల్పు చెయ్యండి, ఇంకో ఫ్లైఓవర్ కట్టండి. అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళు సాక్ష్యం కూడా పలుకుతారు, అక్కడ ఎన్ని లేన్లో చూశారా అని. మనవాళ్ళు వేలల్లో ఉండే హ్యూస్టన్‌లోనే చూద్దాం. అక్కడి కేటీ ఫ్రీవేని సుమారు 280 కోట్ల డాలర్లు పోసి 2008 నాటికి విస్తరించారు. సర్వీసు రోడ్లు కలుపుకుంటే కొన్నిచోట్ల 26 లేన్లు. తీరా 2011, 2014 మధ్య రద్దీవేళ ప్రయాణ సమయం పొద్దున సుమారు 30 శాతం, సాయంత్రం 55 శాతం పెరిగింది. రోడ్డు ఖాళీగా కనపడితే బండ్లు రాక మానవు. ఊరు కూడా ఆ రోడ్డు వెంటే ఇంకా దూరం పాకుతుంది.

వెడల్పువాదుల లెక్కలోకి రానిది ఆగిపోయిన బండి. మూడు లేన్లలో ఒకదాన్ని ప్రమాదం మూసేస్తే మూడో వంతు దారి పోయిందనుకుంటాం. నిజానికి సగం పోతుంది. మిగతా రెండు లేన్లవాళ్ళు వేగం తగ్గిస్తారు, పక్కనుంచి దూరేవాళ్ళకు చోటిస్తారు, మెడలు సాచి చూస్తారు (ఈ జబ్బుకు దేశభేదం లేదు). బండిని రోడ్డు అంచున ఖాళీగా వదిలే షోల్డర్ మీదికి నెట్టినా ఆరో వంతు పోతూనే ఉంటుంది.

అందుకే హ్యూస్టన్ 2005లో సేఫ్‌క్లియర్ అనే పథకం మొదలుపెట్టింది. ఫ్రీవే మీద బండి ఆగితే నిమిషాల్లో టోయింగ్ బండి రావాలి. మొదట్లో ఆ ఖర్చు బండి చెడిపోయినవాళ్ళ నెత్తినే వేస్తే జనం మండిపడ్డారు. న్యాయమే, టైరు పేలడం నేరం కాదు. దారి తెరుచుకుంటే బాగుపడేది వెనకున్న వందల బండ్లు, కనక ఖర్చు ఊరిదే కావాలి.

హైదరాబాద్‌లో 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వేకి ఒక్కో వైపు రెండే లేన్లు. బండి పక్కకు తీసుకుందామంటే షోల్డర్ లేదు. రెండింట్లో ఒకటి మూసుకుపోతే, అమెరికా ఇంజినీర్ల పట్టిక ప్రకారం, మిగిలే సామర్థ్యం 35 శాతం. అలాంటి చోట కావలసింది ర్యాంపుల దగ్గర సిద్ధంగా క్రేను, మెకానిక్కు, కెమెరాలు చూస్తూ కూర్చునే మనిషి, చిన్న గుద్దుడైతే ఫోటో తీసుకుని బండ్లు కదిలించే అధికారమున్న కానిస్టేబులు. వీటికి శంకుస్థాపన ఫలకం ఉండదు, అదే వీటి దురదృష్టం.

రోజూ అదే వేళ అదే చోట వచ్చే జామ్‌ను క్రేను తియ్యలేదు, ఒప్పుకుంటాను. దానికి బస్సులు, మెట్రో కావాలి. కానీ కొత్త ఫ్లైఓవర్‌కు టెండరు పిలిచే ముందు ప్రభుత్వం ఒక్క లెక్క బయటపెట్టాలి: బండి ఆగిందని కబురందాక లేన్ తెరవడానికి ఎన్ని నిమిషాలు పడుతోంది?