ఆసుపత్రి పళ్ళెంలో మన పంట ఏదీ?

డోలీ మోసి, గెడ్డ దాటించి, జీపెక్కించి మనిషిని ఆసుపత్రిలో చేర్చాక మనోళ్ళు సూది గురించి అడుగుతారు, మందుబిళ్ళ గురించి అడుగుతారు. కూడు గురించి మాత్రం అడగరు. పెట్టిందే పదివేలనుకుంటారు. ఆ మాటతోనే కదా తరతరాలుగా మన నోరు కట్టేసింది! సర్కారు ఆసుపత్రిలో పెట్టే అన్నం ఎవరి దానమూ కాదు. అది వైద్యంలో ఒక భాగం. మందు ఎంత హక్కో, పప్పూ అంతే హక్కు.

మన్యంలో చాలాచోట్ల చూశాం. ఏ ఒక్క ఆసుపత్రి పేరూ చెప్పం, చెబితే అదొక్కటే తప్పు చేసిందనుకుంటారు. పళ్ళెంలో గుట్టగా తెల్లన్నం. పప్పుబద్ద కోసం వెతుక్కోవలసిన సాంబారు. కూర అన్న పేరుకి రెండు ముక్కలు. గేటు బయటికొచ్చి సంతలోకి నడవండి. రాజ్‌మా, కందులు, ఉలవలు, బొబ్బర్లు, చిక్కుడు, గుమ్మడి, చోళ్ళు, సామలు. బగత, కొండదొర, కొందు, పోర్జ ఆడవాళ్ళు కావిళ్ళతో, తట్టలతో మోసుకొచ్చిన సరుకు. మన రాజ్‌మా లారీ ఎక్కి ఘాటీ దిగి పట్నం పోతోంది. దాన్ని పండించిన మనిషి జబ్బుపడి మంచమెక్కితే నీళ్ళసాంబారు తాగుతున్నాడు. ఇదేం న్యాయం?

తిండికీ జబ్బుకీ ఏం సంబంధమని అడిగే పెద్దలకు జార్ఖండ్ చూపిద్దాం. అక్కడా మనలాంటి ఆదివాసీలే, మనలాగే క్షయ పీడ. 2019 నుంచి 2022 దాకా అక్కడ క్షయ రోగులకు మందులతోపాటు నెలకు 10 కిలోల తిండి సరుకు ఇచ్చారు. కొన్ని ఇళ్ళల్లో మిగతా వాళ్ళకు కూడా తలా 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఆ లెక్కల్ని 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రిక అచ్చేసింది. ఇంటిల్లిపాదికీ తిండి అందిన చోట కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో ఒంటి బరువు 5 శాతం పెరిగిన రోగులకు చావు ముప్పు 61 శాతం తక్కువగా కనబడింది. ఈ పని చేసింది ఏ ఖరీదైన యంత్రమూ కాదు. బియ్యం, పప్పు, నూనె, పాలపొడి.

డబ్బుల్లేవంటారా? లెక్క వేద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 85 గ్రాముల పప్పుధాన్యాలు, 400 గ్రాముల కూరగాయలు కావాలి. పప్పు కిలో 130 రూపాయలనుకున్నా 85 గ్రాములకు 11 రూపాయలు. కూరగాయలు కిలో 40 అనుకుంటే 400 గ్రాములకు 16. రెండూ కలిపి 27. తెలంగాణలో 2022లో మామూలు రోగి తిండి ఖర్చు రోజుకు 40 నుంచి 80కి, క్షయ రోగికి 56 నుంచి 112కి పెంచారు. 80లో 27 పోయినా బియ్యానికి, గుడ్డుకి, నూనెకి, వంటకి 53 మిగులుతుంది. యాభై మంచాల ఆసుపత్రికి రోజుకు కావలసింది నాలుగుంపావు కిలోల పప్పు, 20 కిలోల కూరగాయలు. అంతే! అరకు సంతలో ఒక మూల చాలు. 1956లో జీసీసీ పెట్టిందే గిరిజనుల సరుకు కొనడానికి. హాస్టళ్ళకు సరుకులు పంపే సంస్థకు ఆసుపత్రి దూరమా?

ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. రాజ్‌మాని రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మెత్తగా ఉడికేదాకా మరగబెట్టాలి. సగం ఉడికితే వాంతులే. నీరసించిన కడుపుకు పెసరపప్పు కట్టు, చోడి అంబలి మేలు. మూత్రపిండాల జబ్బువాళ్ళకు ఏం పెట్టాలో డాక్టరే చెప్పాలి. రక్తం తక్కువైన బాలింతకు పప్పు, ఆకుకూరతోపాటు నిమ్మచెక్క పెడితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే అది పట్టదు. ఇవన్నీ మా అమ్మలకు చెబితే ఒక్క పూటలో నేర్చుకుంటారు.

వంట ఎవరు చేయాలన్నదీ మాట్లాడాలి. బడిలో మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు, ఆదివాసీలకు ముందు చోటివ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత కూడా మాదిగామె వండితే పిల్లల్ని తిననివ్వని ఊళ్ళున్నాయి, దేశమంతా ఉన్నాయి. బడికి చెల్లిన న్యాయం ఆసుపత్రి గాడిపొయ్యికి ఎందుకు చెల్లదు? ఎక్కడో పట్నంలో ఉండే కాంట్రాక్టరు చేతిలోంచి గరిటె తీసుకుని ఊరి ఆడవాళ్ళ సంఘానికివ్వండి. తన ఊరి మనిషికి నీళ్ళసాంబారు పోయడానికి ఆమెకు చెయ్యి రాదు.

అన్నలారా, అక్కలారా! మీ ఆసుపత్రిలో రోగికి రోజుకు ఎంతిస్తున్నారో, ఏ రోజు ఏం పెట్టాలో గోడ మీద తెలుగులో రాయమని అడగండి. రాయకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద ఒక కాగితం పెట్టండి. దారిద్ర్యరేఖకు దిగువనున్న వాళ్ళకు ఫీజు లేదు, రుజువుగా కార్డు నకలు జతచేస్తే చాలు. మూడు సంగతులు అడగండి: రోగుల మెనూ, కాంట్రాక్టరుతో చేసుకున్న ఒప్పందం, గత మూడు నెలల పప్పు, కూరగాయల బిల్లులు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. వచ్చిన జవాబు నకలు ఒకటి మాకూ పంపండి, అచ్చేస్తాం.